పురిటి గదిలో నాన్న కూడా ఉంటాడు, మరి అతన్ని ఎవరు సిద్ధం చేస్తున్నారు?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు అసోసియేషన్ వాళ్ళ ఇళ్ళల్లో శ్రీమంతాలు ఎంత బాగా చేస్తామో అందరికీ తెలుసు. గాజులు, చలిమిడి, పూలజడ, ఫొటోలు, వచ్చినవాళ్ళందరికీ అరిటాకు భోజనం. ఆ రోజంతా కాబోయే తండ్రి కొత్త కుర్తా వేసుకుని వడ్డనలో తిరుగుతూ ఉంటాడు, ఇంకో రెండు నెలల్లో హాస్పిటల్లో రెండు మూడు రాత్రులు ఉండబోతున్నావు కదా బాబూ అక్కడ నీ పనేంటో తెలుసా అని ఒక్కరు కూడా అడగరు. ఇది నాకు చాలా రోజులుగా బాధగా ఉంది, అందుకే రాస్తున్నా.

మన ఊళ్ళల్లో మొదటి కాన్పంటే పుట్టింట్లోనే. లోపల అమ్మో పెద్దమ్మో పిన్నో ఉంటారు, మగవాళ్ళు బయట వరండాలో. నేను పుట్టానన్న కబురు అందాకే మా నాన్న బస్సెక్కి వచ్చారు. ఆయన తప్పేం లేదు, అప్పటి పద్ధతే అది. కానీ ఇక్కడ అమ్మాయి వాళ్ళమ్మకి టైముకి వీసా దొరక్కపోతే ఆ అమ్మాయికి తన మనిషి అంటూ ఆ గదిలో ఉండేది భర్త ఒక్కడే, అంటే పుట్టిల్లంతా కలిసి చేసే పని ఇప్పుడు అతని మీదుంది. ఆ పని నేర్పేవాళ్ళే లేరు.

మా పెద్దమ్మాయి 2017లో ఇక్కడ న్యూజెర్సీలోనే పుట్టింది. క్లాసుకి వెళ్ళాం, ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్పారు, అంతా తెలుసనే అనుకున్నా. పధ్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక బేబీ గుండె చప్పుడు తగ్గుతోంది సి-సెక్షన్ చెయ్యాలన్నారు, నా చేతికి గౌను టోపీ ఇచ్చి ఇక్కడే ఉండు పిలుస్తాం అన్నారు. అప్పుడు నర్స్ గబగబా అడిగింది, ఈమెకి ఏ మందు పడదు, బేబీకి పీడియాట్రీషియన్ ఎవరు అని. నాకు రెండూ తెలీదు. ఆ నొప్పుల్లోనే మా ఆవిడ తలతిప్పి తనే చెప్పింది, ఫలానా యాంటీబయోటిక్ వేసుకుంటే ఒళ్ళంతా దద్దుర్లొస్తాయని. తొమ్మిది నెలలు పక్కనే ఉండి నేను తెలుసుకోని సంగతి అది, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అందుకే ఎవరైనా తమ్ముడు "అన్నా, హాస్పిటల్‌కి ఏం సర్దుకోవాలి" అని అడిగితే బ్యాగు సంగతి తర్వాత, ముందు ఒక కాగితం రాసుకో అంటా. ఆమె వేసుకునే మందులు, పడనివి, బ్లడ్ గ్రూప్, డాక్టర్ నంబర్, పీడియాట్రీషియన్ పేరు, ఇన్సూరెన్స్ నంబర్. ముందే రిజిస్ట్రేషన్ చేయించుకుని, రాత్రి పూట ఏ గేటు తెరిచి ఉంటుందో ఒకసారి కార్లో వెళ్ళి చూసి రా. నొప్పులు అయిదు నిమిషాలకోసారి వస్తూ ఒక్కోటి నిమిషం పాటు ఉండి అలా గంట సాగితే ఫోన్ చెయ్యమని ఇక్కడ మామూలుగా చెప్తారు, మీ డాక్టర్ ఏం చెప్పారో అదీ రాసుకో. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలికలు తగ్గినా గంట చూస్తూ కూర్చోవద్దు, వెంటనే ఫోన్ చెయ్యి. బేబీ కార్ సీట్ డ్యూ డేట్‌కి మూడు వారాల ముందే వెనక్కి చూసేలా బిగించి, ఆ పని తెలిసినవాళ్ళతో సరిచూపించుకో.

ఇక తిండి. దీని గురించి ఏ క్లాసులోనూ చెప్పరు. కాన్పవగానే పెద్ద మగ్గు నిండా ఐస్ వేసిన నీళ్ళు తెచ్చి పెడతారు, వాళ్ళకది మామూలే, మన బాలింతకి చిన్నప్పటి నుంచి చన్నీళ్ళు తాగకూడదనే విని ఉంటుంది, ఒంట్లో ఓపిక లేనప్పుడు ఆ మగ్గు చూస్తేనే ఏడుపొస్తుంది. ఐస్ వద్దు వేణ్ణీళ్ళు కావాలని అడిగితే ఇస్తారు, కానీ అడిగే మనిషి నువ్వే. డాక్టర్ తినొచ్చు అన్నాక పలచటి చారన్నం, బీరకాయ కూర, కాస్త వెల్లుల్లి కారప్పొడి ఇంటి నుంచి తెప్పించుకుంటే ఆమె ముఖంలో మార్పు నీకే తెలుస్తుంది. మా రెండోవాడప్పుడు పక్కింటి అక్క ఫ్లాస్కులో చారు పంపింది, ఆ చారు గురించి మా ఆవిడ ఇప్పటికీ చెప్తుంది.

పేరు ఇంకో పెద్ద సంగతి. మనకి బారసాల పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో, ఇక్కడ బర్త్ సర్టిఫికెట్ ఫారం డిశ్చార్జి లోపే చేతికిస్తారు, సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా ఆ ఫారంలోనే అడగొచ్చు. నక్షత్రం చూసి అక్షరం చెప్తామని ఇండియా నుంచి ఫోన్లు వస్తుంటాయి, ఇంటిపేరు ఎక్కడ రాయాలో తేలదు, నిద్రలేని కళ్ళతో రాసిన స్పెల్లింగ్ తర్వాత మార్పించుకోవాలంటే మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. రెండు మూడు పేర్లు ముందే అనుకుని కాగితం మీద పెట్టుకోండి. జాతకం చూసేవాళ్ళయితే పుట్టిన టైము నర్స్‌ని అడిగి అప్పుడే రాసుకోండి.

చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆపడం కూడా తండ్రి పనే. మనవాళ్ళు ప్రేమతోనే వస్తారు, కానీ కుట్లతో పడుకుని పాలు పట్టడం నేర్చుకుంటున్న మనిషి ముందు ఎనిమిది మంది నిలబడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టి ఇంటికొచ్చాక పిలుస్తాం అనండి, ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా పర్లేదు.

తొందరగా ఇంటికి పంపేస్తారేమో అని చాలామంది భయపడతారు. 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కాన్పుకి కవరేజీ ఇచ్చే ఇన్సూరెన్స్ హాస్పిటల్లో ఉండే సమయాన్ని మామూలు కాన్పయితే 48 గంటల కంటే, సి-సెక్షన్ అయితే 96 గంటల కంటే తగ్గించకూడదు. ఆ గంటల్లో నర్స్ దగ్గర అన్నీ నేర్చుకోండి, పొత్తిళ్ళలో చుట్టడం, పాలు చాలుతున్నాయో లేదో డైపర్లు లెక్కపెట్టి చూసుకోవడం, కామెర్లు ఎలా కనిపెట్టాలో, సిగ్గుపడకుండా పదిసార్లు అడగండి. బేబీని ఆఫీసు ఇన్సూరెన్స్‌లో చేర్చడానికి సాధారణంగా 30 రోజులే గడువు.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెప్తున్నా. ఇంటికొచ్చాక గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, తగ్గని తలనొప్పి ఉన్నా, కళ్ళు మసకబారినా, ఊపిరి ఆడకపోయినా అది బాలింత నీరసం అని పెద్దవాళ్ళు అన్నా సరే ఆగొద్దు, ఊపిరి ఆడకపోతే 911, మిగతావాటికి వెంటనే డాక్టర్. కాన్పయ్యాక ఆరు వారాల వరకు కూడా బీపీ పెరిగి ప్రమాదం రావొచ్చు. బాలింత ఊరికే ఏడుస్తూ నిద్రపోకుండా ఉంటే దిష్టి తీసి ఊరుకోకండి, 1-833-852-6262 అని తల్లుల కోసమే ఫోన్ లైన్ ఉంది, పగలూ రాత్రీ ఎత్తుతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

మన కమిటీని నేను అడిగేది చిన్నదే. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడతాం, ఉగాదికి కవి సమ్మేళనం పెడతాం, మూడు నెలలకోసారి ఒక శనివారం పొద్దున్న రెండు గంటలు కాబోయే నాన్నల కోసం పెట్టలేమా? మన సభ్యుల్లోనే నర్సులున్నారు, డాక్టర్లున్నారు, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని చూసిన నాన్నలున్నారు. తెలుగులోనే మాట్లాడుకుందాం, ఎందుకంటే భయం ఇంగ్లీషులో చెప్పుకోలేం. తెలుగు బడి జరిగే హాలు పొద్దున్న ఖాళీగానే ఉంటుంది, మొదటి శనివారానికి కార్ సీటు, బొమ్మ, టీ ఫ్లాస్కు నేను తెస్తా.