మహారాజశ్రీ వెబ్ క్లిప్పర్ గారికి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

మహారాజశ్రీ వెబ్ క్లిప్పర్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. నెట్‌లో నచ్చిన పేజీల్ని కత్తిరించి నా నోట్స్‌లో దాచిపెట్టే తమరు కూడా బ్రౌజర్ పైన కుడిమూల, ఆ పజిల్ ముక్క బొమ్మ పక్కన, క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను.

తమరు మా ఇంట్లో దిగిన రోజు గుర్తుందా? అన్ని వెబ్‌సైట్లలోనూ నా డేటా అంతా చదవడానికి, మార్చడానికి అనుమతి కావాలన్నారు. మా మేడ మీద పోర్షన్లో అద్దెకు దిగినాయన మోటారు స్విచ్ ఎక్కడుందని అడిగితేనే అమ్మ మూడు రోజులు అనుమానంగా చూసింది. తమరికి మాత్రం నేను మూడు సెకన్లలో బీరువా తాళాలు ఇచ్చేశాను. పేజీని కత్తిరించాలంటే పేజీ లోపలికి చూడాలి మరి, కాదనను.

అప్పట్నుంచీ కనపడిందల్లా నొక్కడమే. ఇవాళ లెక్క తీస్తే 4,312 పేజీలు తేలాయి. చదివినవి ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. మొదట్లో ‘తర్వాత చదవాలి’ అని ఒక ట్యాగ్ పెట్టాను. అది నిండిపోతే ‘తప్పక చదవాలి’ పెట్టాను. దాని పైన ‘ఈ ఆదివారం’ అని ఇంకోటి. ఏ ఆదివారమో రాయలేదు గనక అదింకా చెల్లుతుంది. ఒకసారైతే కరెంటు బిల్లు కట్టే పేజీని కూడా సేవ్ చేసి, పనైపోయిందని హాయిగా నిద్రపోయాను. పదిహేను రోజుల తర్వాత లైన్‌మ్యాన్ వచ్చి గేటు కొడితే, “సేవ్ చేశానండీ” అన్నాను. ఆయన స్తంభం ఎక్కే పనిలో ఉన్నాడు, వినిపించుకోలేదు.

ఇవన్నీ సర్దుకుపోయేవాణ్ణే. అసలు గొడవ మాడుగుల హల్వా దగ్గర వచ్చింది.

సంక్రాంతికి ఈసారి హల్వా ఇంట్లోనే చేద్దామని అమ్మ గోధుమలు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులవనిచ్చి, బాండీ పొయ్యి మీద పెట్టి, “పంచదార ఎంత, నెయ్యి ఎంత, చదువు” అంది. సేవ్ చేశానని వారం నుంచి ధీమాగా చెప్తున్నది నేనే. నోట్ తెరిచాను. తమరు ‘సింప్లిఫైడ్ ఆర్టికల్’, అంటే చుట్టూ ఉన్న సామానంతా తీసేసి అసలు వ్యాసం మాత్రం, తీసిచ్చారు. అందులో ఆ వంటకం రాసినావిడ చిన్నప్పటి వేసవి సెలవులు, వాళ్ళ తాతగారి ఎడ్లబండి, బండి చక్రం విరగడం, అంతా ఉంది. కొలతలు లేవు.

తర్వాత తెలిసింది, పొడుగ్గా, కామాలతో నిండుగా ఉన్న పేరాలకి మార్కులు ఎక్కువేసి, అదే అసలు వ్యాసమని తమవాళ్ళు తేల్చుకుంటారట. రెండేసి మాటల్లో ఉన్న కొలతల జాబితా తమ కంటికి అడ్డగోలు సామానులా కనపడి ఉంటుంది. ఎడ్లబండికి మాత్రం కామాలు పుష్కలంగా ఉన్నాయి.

“ముందుజాగ్రత్తగా పూర్తి పేజీ కూడా సేవ్ చేశానమ్మా” అని అది తెరిచాను. పేజీ మధ్యలో, పెద్ద డబ్బాలో, ‘మేము కుకీలను వాడతాము. అంగీకరిస్తారా?’ అని ఉంది. దాని వెనకాల ఎక్కడో మసగ్గా నెయ్యి ఉన్నట్టుంది.

గరిటె తిప్పుతూనే అమ్మ ఫోన్లోకి తొంగి చూసింది. “ఏట్రా ఇది? కుకీలంటే బిస్కట్లు కావేటి? హల్వాలోకి బిస్కట్లేటి?”

బాండీలో గోధుమపాలు అడుగంటే వాసన మొదలైంది. అప్పుడు నాన్న లేచారు.

మా నాన్న పోర్టులో చేసి రిటైరయ్యారు. 1974 ఆగస్టు 10న ఈనాడు మన విశాఖలోనే మొదలైంది కదా, ఆ రోజు నుంచీ తను పేపరు మానలేదని చెప్పుకుంటారు. ఆయన చేతిలో తమరి పని చేసేది సగం విరిచిన షేవింగ్ బ్లేడు. ముందు పెన్సిలుతో గీత పెట్టుకునేవారు. సాయంత్రం దాకా, ఇంట్లో అందరి చదువూ అయ్యేదాకా ఆగేవారు. తర్వాత కాగితం తిప్పి, ఇటువైపు కోస్తే అటువైపు ఏది పోతుందో చూసుకునేవారు. అటువైపు కూడా మంచిదైతే పది నిమిషాలు మథనపడి, ఒకదానికి నీళ్ళొదిలేవారు. ఆపైన మైదా జిగురు, పాత లెడ్జరు పుస్తకం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ రెక్క ఊడి ఆ లెడ్జరు తడిసిపోయింది. కరెంటు లేని ఆ రోజుల్లో అమ్మ దాన్ని మేడ మీద పేజీకో గులకరాయి చొప్పున పెట్టి ఆరబెట్టింది. ఇప్పుడది అప్పడంలా ఉబ్బి ఉంటుంది, మూత పడదు. “నావి తడవవమ్మా, క్లౌడులో ఉన్నాయి” అని నేనోసారి గొప్పగా అంటే, “మబ్బుల సంగతి మాకు హుద్‌హుద్‌లో తెలిసిందిలే” అంది.

ఆ మబ్బుల మాట తమ కులంలోనూ నిజమేనండోయ్. తమ పెద్దన్నయ్య లాంటివాడొకడు 2007లో ‘రీడ్ ఇట్ లేటర్’ అనే పేరుతో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పుట్టాడు. తర్వాత పాకెట్ అని పేరు మార్చుకున్నాడు, 2017లో ఆ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్ళింటికి దత్తు వెళ్ళాడు, 2025 జూలై 8న కన్నుమూశాడు. తర్వాత చదువు, తర్వాత చదువు అని అంతమందికి చెప్పి, ఆ ‘తర్వాత’ రాకముందే వెళ్ళిపోయాడు పాపం.

సరే, లెడ్జరు. నాన్న ఒక నిమిషంలో పేజీ తీశారు. ఏదో ఆదివారం నాటి కటింగు, పసుపు రంగుకి తిరిగింది, మైదా దగ్గర పురుగు కొట్టింది. మాడుగుల హల్వా, కొలతలతో సహా. పక్కన మార్జిన్లో పెన్సిలుతో నాన్న రాత: ‘నెయ్యి చాలలేదు. ఇంకో గిద్దెడు.’ అంటే అప్పుడే చదివారు, చేయించారు, తిన్నారు, తప్పు కూడా పట్టారు.

హల్వా అడుగు కొంచెం మాడినా బాగానే కుదిరింది. తమరికి పంపుదామంటే తమరు సింప్లిఫై చేసి బాదంపప్పు ఏరేస్తారేమోనని ఆగాను.

ఇట్లు,
తమ విధేయుడు, 4,312 పేజీల ఆసామి

తా.క.: ఆ కటింగుని నిన్న ఫోన్లో ఫొటో తీసి నోట్స్‌లో భద్రంగా పెట్టాను. వచ్చే సంక్రాంతికి కావాలని అమ్మ ఇందాకే అడిగింది. ఏ నోట్‌బుక్‌లో పెట్టానో తమరికేమైనా గుర్తుంటే తెలియజేయగలరు.