క్రాంక్ సెన్సర్ గారికి, కారు కింద నుంచి

నా కారు ఇంజన్ తిరిగే చుట్లు లెక్కపెట్టే మహారాజశ్రీ క్రాంక్ సెన్సర్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. రాయలేకపోతున్నాను. కుడి మోచేతి మీద కాలిన బొబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. గోళ్ల సందుల్లోని నలుపు వారం నుంచి ఏ సబ్బుకూ లొంగడం లేదు. నిన్న అన్నం కలుపుతుంటే మా అమ్మ నా చెయ్యి చూసింది. ఏమీ అనకుండా లోపలికి పోయి ఒక చెంచా తెచ్చి కంచంలో పెట్టింది. మీ క్షేమ సమాచారం అడగాల్సిన పని లేదు. మీరు రెండు ముక్కలై మా వంటింటి కిటికీలో, నిమ్మకాయల పక్కన ఉన్నారు.

అమావాస్య నాటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చెరువుగట్టు గుడికి బయల్దేరాం. వెనక అమ్మ, మా ఆవిడ, పిల్లలిద్దరు. ముందు సీట్లో మా బామ్మర్ది, వాడి ఒళ్లో కొబ్బరికాయల సంచి. నల్లగొండ దాటేదాకా మర్యాదగానే ఉన్నారు. ఎల్లారెడ్డిగూడెం దగ్గరికి వచ్చేసరికి జనం, ఆటోలు, ట్రాక్టర్లు; ఫస్ట్ గేరులో పాకుతూ పోతున్నాం, ఇంజన్ వేడెక్కింది. సరిగ్గా మలుపులో, రోడ్డుకు అడ్డంగా, మీరు కన్ను మూశారు. సెల్ఫ్ కొడితే గిర్రుమని తిరుగుతుంది తప్ప అంటుకోదు. ఆర్పీఎం ముల్లు సున్నా మీద నుంచి కదలదు. వెనక హారన్ల మోత. ఒక ట్రాక్టరాయన దిగి వచ్చి అద్దంలోంచి తల పెట్టి, "ఏందన్నా, పెట్రోల్ పోయించలేదా?" అన్నాడు. బామ్మర్ది నవ్వు ఆపుకున్నాడు. ఆపుకుంటున్నట్టు నాకు తెలిసేలా ఆపుకున్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత, ఆ రామలింగేశ్వర స్వామికి అమ్మ ఐదు కొబ్బరికాయలు అదనంగా మొక్కిన తర్వాత, మీరు లేచారు. ఏమీ జరగనట్టే లేచారు. ఫలితం స్వామి ఖాతాలో పడింది, ఖర్చు నా ఖాతాలో.

ఇది మొదటిసారి అయితే ఈ ఉత్తరమే ఉండేది కాదు. అంతకు ముందు తిప్పర్తి దగ్గర ఒకసారి, వేములపల్లి దగ్గర ఒకసారి. రెండు సార్లూ మిర్యాలగూడ అత్తగారింటికి పోయేటప్పుడే. వడ్ల లారీలు పక్కనుంచి దుమ్ము కొట్టుకుంటూ పోతుంటే బానెట్ ఎత్తి, ఏదో తెలిసినవాడిలా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాను. వేములపల్లి దగ్గర మా మెకానిక్ ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే, "ఇంజన్ వెనక తట్టు గేర్ బాక్సు దగ్గర ఉంటది చూడన్నా, దాని మీద సీసాతోని మెల్లగ నీళ్లు పొయ్యి. లేస్తే అదే దొంగ" అన్నాడు. పోశాను. లేచారు. దొంగ దొరికాడని సంబరపడి మరునాడే షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడ గంటన్నర సేపు ఇంజన్ ఆన్‌లో పెడితే పెళ్లిచూపులకు వచ్చిన పిల్లాడిలా తల వంచుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఒక్క దగ్గు లేదు. ఉస్తాద్ నా వైపు చూసిన చూపుకు పెట్రోల్ ఖర్చు వేరే.

మీరు చేసే పని చిన్నదని నేననను. ఎక్కువ బళ్లలో ఇంజన్ ఇరుసు, అంటే క్రాంక్‌తో పాటు తిరిగే చక్రానికి 60 పళ్లు ఉండాల్సిన చోట 58 పెట్టి, రెండు ఖాళీ వదిలేస్తారట. ఆ బోసి నోరు ఎదురుపడ్డప్పుడల్లా ఒక చుట్టు అయిందని మీరు కంప్యూటర్‌కు కబురు పంపాలి. బండి ఊరికే నిలబడ్డప్పుడు కూడా నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుంటే, సెకనుకు దాదాపు 770 పళ్లు లెక్కపెడుతున్నట్టు. 11 ఏళ్లు లెక్కపెట్టారు. మీ లెక్క అందకపోతే స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో, పెట్రోల్ ఎప్పుడు చిమ్మాలో ఆ కంప్యూటర్‌కు తెలియదు. తెలియనప్పుడు మా బామ్మర్దిలా ఏదో ఒకటి చెప్పెయ్యదు, నోరు మూసుకుని కూర్చుంటుంది. మీ లోపల వెంట్రుక మందం రాగి తీగ చుట్ట ఉంటుంది. అన్నేళ్ల వేడికి అది ఎక్కడో చిట్లుతుంది. వేడెక్కితే చిట్లిన చోట విడిపోతుంది, చల్లారితే మళ్లీ ఆనుకుంటుంది. ఇదంతా అర్థం చేసుకున్నాను. అంత చాకిరీ చేసినవాళ్లకు నడుం పట్టెయ్యడం సహజం. నా తగాదా దాని గురించి కాదు.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను. 2013 ఏప్రిల్ నుంచి మన దగ్గర కార్లకు ఓబీడీ టూ, అంటే బండి తన రోగాన్ని తనే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి, నాది 2014 మోడల్. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్లో 900 రూపాయల స్కానర్ గుచ్చితే ఫోన్‌లో మీ పేరు వచ్చింది: పీ 0335. దానికంటే ముందు రమ్మీ ఆట ప్రకటన వచ్చింది. ఇంజన్ రోగం చెప్పే యాప్‌లో పేకాట ఎందుకో, ఆ యాప్ తయారు చేసినవాడికే తెలియాలి.

ఇక అసలు విషయం. ఒక్క బోల్టు.

హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే అన్నీ కలిపి 6,800 అన్నారు. అడ్వాన్స్‌గా సారీ కూడా చెప్పారు. మా ఉస్తాద్ సామానుతో సహా 2,500 అన్నాడు. నేను ఆన్‌లైన్‌లో చూశాను: మీరు 640. 2,500లోంచి 640 తీసేస్తే 1,860. యూట్యూబ్‌లో చూశాను: మీరు ఒకే ఒక్క బోల్టు మీద నిలబడి ఉన్నారు. ఆ వీడియోలో అబ్బాయి తెల్ల చొక్కా వేసుకుని, "ఒక్క బోల్టే ఫ్రెండ్స్, ఐదు నిమిషాల పని" అన్నాడు. ఒక్క బోల్టు విప్పి బిగించడానికి 1,860 రూపాయలా? మా నాయన ఎడ్లబండి ఇరుసు తనే మార్చుకునేవాడు. నాకు రోషం వచ్చింది. వీడియోను నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ ఒక్కటి గమనించలేదు. ఆ అబ్బాయి ముందు ఇంజన్ బల్ల మీద ఉంది. కారు లేదు. ఉట్టి ఇంజన్, కడిగి తుడిచి, పెళ్లిలో మండపం మీద కలశంలా ఉంది. అలా ఉంటే నేనేమిటి, మా చిన్నది కూడా విప్పుతుంది. బల్ల మీద ఉన్నదానికి ఒక్క బోల్టే. మరి దాన్ని బల్ల మీదికి తేవడానికి ఎన్ని బోల్టులు నాయనా? ఆ వీడియో ఎక్కడుంది?

ఆదివారం పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాను. మిమ్మల్ని పైనుంచి చూస్తే కనబడతారు, చెయ్యి పోదు. కిందనుంచి చెయ్యి పోతుంది, మీరు కనబడరు. ఎంత ఆలోచించి పెట్టారో ఆ చోటు! కింద ప్లాస్టిక్ గార్డు ఒకటి, దానికి తొమ్మిది క్లిప్పులు. ఆ తొమ్మిదిలో ఆరు విరిగాయి, రెండు దొరకలేదు, ఒకటి ఇప్పుడు మా పిల్లల బొమ్మల డబ్బాలో ఉంది. గార్డు తీసి పదో నంబర్ గోటీ పానా వేసి పైకి తోస్తే బోల్టు ఉన్నచోట బోల్టు లేదు, తుప్పు ముద్ద ఉంది. స్ప్రే కొట్టి అరగంట ఆగాను. స్ప్రే బోల్టు మీద పడిందో లేదో తెలియదు, సగం మాత్రం నా కంట్లో పడింది. పది ముప్పావుకు బోల్టు కదిలింది. ఆ 'కిర్' అన్న శబ్దం విని నాకు కలిగిన ఆనందం, నా డిగ్రీ రిజల్ట్ రోజు కూడా కలగలేదు.

బోల్టు వచ్చింది. మీరు రాలేదు.

అక్కడ నాకు మర్యాద పోయింది, ఇక మీరు గీరు లేదు. బోల్టు తీసేశాక కూడా నువ్వు ఎందుకు అంటిపెట్టుకుని ఉన్నావు? నిన్ను పట్టి ఉంచేది ఒక్క బోల్టే కదా? అటు తిప్పితే తిరగవు, ఇటు లాగితే రావు. నీ రబ్బరు రింగు 11 ఏళ్ల వేడికి గట్టిపడి ఆ రంధ్రానికి గోంద్ పెట్టినట్టు పట్టేసింది. స్క్రూ డ్రైవర్‌తో మెల్లగా లేపాను. మెల్లగానే లేపాను, ఒట్టు. చిటుక్కుమంది. తల నా చేతిలో ఉంది, మొండెం ఇంజన్‌లో ఉంది. నా చెయ్యి సైలెన్సర్ పైపుకు తగిలింది. అరిచిన అరుపుకు ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న పెద్దమ్మ, "ఏమైంది బిడ్డా, బండి మీద పడ్డదా?" అని కేకేసింది. కారు కింద పడుకుని, కంట్లో స్ప్రే, చేతిలో నీ తల, నేను "ఏం లేదు పెద్దమ్మా, ఒక్క బోల్టే" అన్నాను.

ఆ మిగిలిన సగం లోపలికి జారితే ఇక గేర్ బాక్సు దించాల్సిందే. అది తెలిసే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. భోజనానికి రమ్మని మూడుసార్లు పిలిచారు. చివరికి ఒక సన్న స్క్రూ తెచ్చి, నీ ప్లాస్టిక్ మొండెంలోకి చేత్తో అరచుట్టు అరచుట్టు ఎక్కించి, దాని తలను కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, పిల్లల పాలపన్ను ఊడబెరికినట్టు మెల్లగా ఆడిస్తూ లాగాను. వచ్చావు. రింగుతో సహా వచ్చావు. అక్కడే నేల మీద వెల్లకిలా పడుకుని కాసేపు నిన్నే చూస్తూ ఉన్నాను. కొసన నల్లటి ఇనుప పొడి మీసాల్లా అంటుకుని ఉంది.

640 రూపాయల కొత్తదాన్ని పెట్టాను. కొత్త రింగుకు కొంచెం ఇంజనాయిల్ రాసి మరీ పెట్టాను, చూడు ఎంత నేర్చుకున్నానో. సెల్ఫ్ ముట్టగానే అంటుకుంది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. మరునాడు ఆ సంబరంలోనే అందరినీ ఎక్కించుకుని పానగల్ పోయాను. ఛాయా సోమేశ్వరుడి గుడిలో నీడ పొద్దంతా కదలకుండా ఉంటుందని అందరికీ తెలుసు. గుడి బయట ఆ రోజు నా కారు కూడా దానికి పోటీగా నిలబడింది. వేడెక్కగానే కొత్తది కూడా చచ్చింది. 11 ఏళ్లు పనిచేసి చచ్చిన నీకూ, 11 కిలోమీటర్లు కూడా పనిచెయ్యకుండా చచ్చిన దానికీ పోలికా? అప్పుడు మొదటిసారి నీ మీద గౌరవం పుట్టింది. ఆటోలో ఇంటికి వస్తుంటే బామ్మర్ది ఫోన్ చేశాడు. ఎవరు చెప్పారో వాడికి.

ఉస్తాద్ ఆ కొత్తదాన్ని చేతిలో పట్టుకుని ఒకసారి తూచినట్టు ఎగరేసి, "డూప్లికేటన్నా" అన్నాడు. సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి అసలుది 1,750కి ఆర్టీసీ కార్గోలో తెప్పించి ఇచ్చాడు. పైసా మిగుల్చుకోలేదు. "బండి దేని మీద పెట్టి కిందికి పోయినవ్?" అని మాత్రం అడిగాడు. జాకీ, పక్కన రెండు సిమెంటు ఇటుకలు అన్నాను. అంతవరకు నవ్వుతున్న మనిషి నవ్వడం ఆపేశాడు. "ఇటుక పగిలితే చప్పుడు కూడా రాదన్నా. పిల్లలున్నోడివి" అని, షెడ్డు మూల నుంచి రెండు ఇనుప స్టాండ్లు తెచ్చి డిక్కీలో పడేశాడు. "పని అయినంక తెచ్చియ్యి." ఆ 1,860లో ఆ స్టాండ్లు ఉన్నాయని, తుప్పు బోల్టు చేతికి ఎలా పలుకుతుందో తెలిసిన పదిహేనేళ్లు ఉన్నాయని నాకప్పుడు తట్టింది. అతనికి చెప్పలేదనుకో. చెబితే రేటు పెంచుతాడు.

అసలుది పెట్టడానికి 12 నిమిషాలు పట్టింది. ఇప్పుడు లెక్క. నీ నకిలీ తమ్ముడు 640, స్కానర్ 900, పానాల సెట్టు 1,150, అసలుది 1,750. మొత్తం 4,440. పానగల్ ఆటో, ఒక రోజు సెలవు, గ్రీజు పట్టిన ప్యాంటు ఇందులో వెయ్యలేదు. మా ఆవిడకు చెప్పిన లెక్క 640. ఈ ఉత్తరం ఆమె కంటపడకుండా చూడు.

నిన్ను పారెయ్యమని అమ్మ రెండుసార్లు అన్నది. నిమ్మకాయలు తీసుకునేటప్పుడు అడ్డం వస్తున్నావట. రేపు పారేస్తా అంటున్నాను.

నిన్న సాయంత్రం పక్కింటి తమ్ముడు గేటు దగ్గర నిలబడ్డాడు. "అన్నా, మా బండి కూడా వేడెక్కితే బంద్ అయితున్నది. మెకానిక్ మూడు వేలు అంటున్నడు. నువ్వు సొంతంగ మార్చినవంట గదా, కష్టమా?"

మోచేతి మీద బొబ్బ కనబడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

"ఏముంది తమ్మీ," అన్నాను. "ఒక్క బోల్టే."

ఇట్లు,
పదో నంబర్ గోటీ ఇంకా వెతుకుతున్న
మీ విధేయుడు, నల్లగొండ