ముసలయ్య, సెనగలు, సోడా

1971 యుద్ధం ఎందుకొచ్చిందో నాకు ఈమధ్యే తెలిసింది. ఒక ముసలయ్యకు ఆకలేసింది.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న మా మేనల్లుడు సంక్రాంతికి వస్తూ మోసుకొచ్చిన నోట్సులో, పసుపు హైలైటర్ కింద మెరుస్తున్న వాక్యం ఇది: "ముసలయ్య సెనగలు, సోడా ఘాటుగా గుటకేసి, లొట్టలేసి, సిగరెట్టడిగాడు." దీన్ని కోడ్ అంటారు. ము అంటే మార్చి 7న తూర్పు పాకిస్తాన్ నేత ముజీబ్ ప్రసంగం. సె, మార్చి 25 రాత్రి అక్కడి జనం మీద పాక్ సైన్యం మొదలుపెట్టిన దాడి, ఆపరేషన్ సెర్చ్‌లైట్. సో, ఆగస్టు 9న సోవియట్ ఒప్పందం. ఘా, డిసెంబరు మొదట్లో మన విశాఖ దగ్గర మునిగిన పాక్ జలాంతర్గామి ఘాజీ. గు, 6న బంగ్లాదేశ్‌కు మనమిచ్చిన గుర్తింపు. లొ, 16న ఢాకాలో లొంగుబాటు. సి, మరుసటేడు సిమ్లా ఒప్పందం. (శనగలు అని రాసుకున్నవాళ్లు శరణార్థులనుకుని బోల్తా పడ్డారట.)

మొన్న మాక్ టెస్టులో మావాడికి ముసలయ్య గుర్తొచ్చాడు. ముందు సోడా తాగాడా, సెనగలు తిన్నాడా అన్నదే గుర్తురాలేదు. బయటికొచ్చాక పంచాయితీ. ఎండన పడి వచ్చినవాడు ముందు దాహమే తీర్చుకుంటాడని ఒక కుర్రాడి వాదన. సోడా మీద సెనగలు తింటే గ్యాస్ పడుతుందని ఒకమ్మాయి అభ్యంతరం. ఇద్దరినీ కాదనలేం. చివరికి సారే తీర్పిచ్చారు: సెనగలు నమిలితే గొంతు ఎండుతుంది, అందుకని తర్వాతే సోడా. అందరూ రాసుకున్నారు. కింద గీత కూడా గీసుకున్నారు.

"అసలు ఆ సోవియట్ ఒప్పందం ఎందుకు చేసుకున్నార్రా?" అన్నాను.

"ఎందుకో అడగరు మామయ్యా, ఏది ముందో అడుగుతారు."

ఆ జులైలో అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ పాకిస్తాన్‌లో కడుపునొప్పని నాటకమాడి, గుట్టుగా బీజింగ్ వెళ్లొచ్చాడు. అమెరికా, చైనా, పాకిస్తాన్ ఒక జట్టు కడుతున్నాయని ఢిల్లీకి గుబులు పుట్టింది. నెలకల్లా మాస్కోతో సంతకాలయ్యాయి. అప్పటికే తూర్పు సరిహద్దు శిబిరాల్లో లక్షల మంది శరణార్థులు. చివరికి కోటికి చేరారు. వానలు తగ్గి, హిమాలయ కనుమలు మంచుతో మూసుకుంటే చైనా దిగిరాలేదని మన సైన్యం చలికాలం దాకా ఆగింది. ఇంత తెలిసినవాడికి వరస దానంతటదే వస్తుంది, ఏ ముసలాయనకీ తిండి పెట్టక్కర్లేదు. చరిత్రలో నిజంగా ఉన్న కడుపునొప్పి, అదీ దొంగది, కోడ్‌లో మాత్రం లేదు.

సెనగలు. ఆ మాట దగ్గరే నాకు మండుతుంది. ఆ మార్చి 25 రాత్రి పాక్ సైన్యం ఢాకా యూనివర్సిటీలో జగన్నాథ్ హాల్ అనే హాస్టల్లోకి చొరబడి కుర్రాళ్లను కాల్చి చంపింది. శవాలను తోటి విద్యార్థుల చేతే మోయించి, ఎదుటి మైదానంలోనే గొయ్యి తీసి పూడ్చింది. మోసినవాళ్లలోనూ కొందరిని కాల్చేసింది. వాళ్లూ మావాడి ఈడువాళ్లే. గదుల్లో వాళ్లకీ సగం చదివిన నోట్సులు ఉండే ఉంటాయి. వాళ్ల చావుకి సెనగలని పేరు పెట్టడానికి నోరెలా వచ్చిందయ్యా నీకు? వేలకు వేలు ఫీజు గుంజి పిల్లలకి నేర్పేది ఇదా?

ఇదంతా గట్టిగానే అన్నాను. మావాడు కాసేపు నేలచూపులు చూశాడు. తర్వాత పెన్ను తీశాడు.

"మామయ్యా, ఈ జగన్నాథ్ హాల్ ఎప్పుడైనా బిట్‌గా వచ్చిందా?"

వచ్చే వారం కార్గిల్ మొదలట. సార్ కొత్త కోడ్ రెడీ చేశారు. ఈసారి ముసలయ్య పెళ్ళాం కూడా వస్తోంది.