కేసు ఫైల్లో సంతకాలకు చోటెక్కడ?

కుక్కనో పిల్లినో హింసించిన వీడియో బయటికొచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే: "మూగజీవానికి మన సంతకాలే నోరు. లక్ష దాటితే ప్రాసిక్యూటర్ దిగొచ్చి గరిష్ఠ శిక్ష అడుగుతాడు. ఒత్తిడి లేకపోతే ఈ కేసుల్ని ఎవరూ పట్టించుకోరు. సంతకం పెట్టనివాడూ దోషే." అలాంటి వీడియో చూసి నిద్రపట్టని రాత్రులు నాకూ ఉన్నాయి, సంతకాలూ పెట్టాను. అయినా ఈ సందేశాన్ని విప్పి చూస్తే నిలబడేది తక్కువ.

"లక్ష దాటితే ప్రాసిక్యూటర్ దిగొస్తాడు." ఎందుకు దిగిరావాలి? ఇంగ్లండ్ ప్రాసిక్యూటర్లు పాటించే నియమావళిలో రెండు మెట్లున్నాయి. నేరం రుజువయ్యే అవకాశం ఉందనిపించేంత సాక్ష్యం ఉందా అన్నది మొదటిది. కేసు నడపడం ప్రజాప్రయోజనమేనా అన్నది రెండోది. మొదటి మెట్టు దగ్గరే జారిపోతే రెండోదాని ఊసే ఉండదు. ఆ రెండో మెట్టు దగ్గర కూడా అడిగేది ప్రజాప్రయోజనం; ప్రజాభిప్రాయం వేరే సరుకు.

2015లో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ చంపినప్పుడు లక్షల సంతకాలు పోగయ్యాయి. మూడు నెలలకు ఆ దేశ మంత్రే చెప్పారు, అతని కాగితాలు సక్రమంగా ఉన్నాయి, కేసు పెట్టలేమని. వేట నడిపించిన స్థానికుడి మీద పెట్టిన కేసునూ 2016లో హైకోర్టు కొట్టేసింది. కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ చట్టంలో లేని నేరాన్ని సంతకాలు ఎక్కడి నుంచి తెస్తాయి?

"మూగజీవానికి మన సంతకాలే నోరు." చెవికి ఇంపుగా ఉంది. కోర్టులో మాత్రం జంతువు తరఫున మాట్లాడేది పశువైద్యుడి రికార్డు. తిండి పెట్టకుండా మాడ్చిన కుక్క సంగతే తీసుకోండి. నిందితుడి లాయరు చెప్పబోయేది ముందే తెలుసు: "దానికేదో జబ్బు, ఎంత పెట్టినా ఒంటబట్టలేదు." అందుకే వైద్యుడు కుక్కను తెచ్చిన రోజే తూస్తాడు. పక్కటెముకలు, తుంటి, వెన్ను తడిమి చూసి, ఒంట్లో కండ, కొవ్వు ఎంతుందో తొమ్మిదింటికి ఇన్ని అని అంకె వేసి రాస్తాడు. రక్తపరీక్షలు చేయిస్తాడు. ఆ తర్వాత కొలిచి కొలిచి తిండి పెడుతూ మళ్లీ మళ్లీ తూస్తాడు. ఉత్త తిండితోనే బరువు పెరుగుతూ పోయిందంటే జబ్బు కథకు కాళ్లు విరిగినట్టే. చనిపోయాక దొరికిన కుక్కకైతే ఎముకల్లోని మూలుగలో కొవ్వు ఎంత మిగిలిందో చూస్తారు. ఆకలికి ఒళ్లు చిట్టచివర కరిగించుకునే కొవ్వు అది. తేదీలతో సహా బరువులు రాసిన ఆ ఒక్క కాగితం ముందు లక్ష సంతకాలు దిగదుడుపే.

పైగా ఆ సంతకాల పేజీ మీద నిందితుడి ఫొటో, పేరు ఉంటాయి. సాక్షి గుర్తుపట్టింది ఆ రోజు చూసిన మనిషినా, ఫోన్‌లో వందసార్లు చూసిన ఫొటోనా అని డిఫెన్స్ లాయరు అడిగితే జవాబేది? దోషి తప్పించుకునే దారిని మనమే ఊడ్చి, ముగ్గేసి పెడుతున్నాం. ఫొటోలో ఉన్నది అసలు వేరే మనిషైతే ఇక చెప్పక్కర్లేదు.

"ఒత్తిడి లేకపోతే పట్టించుకోరు." ఇందులో నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఫిర్యాదే తీసుకోని చోట జనం గొంతు పెంచాల్సిందే. కాకపోతే "దర్యాప్తు చెయ్యండి" అనడం వేరు, "ఐదేళ్లు వెయ్యండి" అనడం వేరు. రెండోది అలవాటైతే ముద్దొచ్చే మొహమున్న కుక్కపిల్లకు ఒక న్యాయం, వీడియో తీసేవాడే లేని షెడ్డులో కుళ్లిపోయే వంద పందులకు ఒక న్యాయం అవుతుంది. వాటి కోసం ఎన్ని సంతకాలు పడ్డాయో గుర్తుందా?

సంతకాలు పనిచేసే చోటు లేకపోలేదు. 2016లో ఇంగ్లండ్‌లో ఫిన్ అనే పోలీసు కుక్క కత్తిపోట్లకు గురైతే, దాన్ని ఆస్తి నష్టం కింద లెక్కగట్టారు. లక్షకు పైగా సంతకాలు పార్లమెంటుకు వెళ్లాయి, చర్చ జరిగింది, 2019లో చట్టం మారింది. జంతుహింసకు గరిష్ఠ శిక్ష 2021లో అక్కడ ఆరు నెలల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అదే పార్లమెంటు, కోర్టులో నడుస్తున్న కేసు మీద పిటిషన్ పెడితే తీసుకోదు. గీత ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

"సంతకం పెట్టనివాడూ దోషే" అన్నదానికి జవాబు దండగ. ఆ వీడియో తీసింది మీరే అయితే మాత్రం ఒక మాట. అసలు ఫైలు చెరపకండి, దర్యాప్తు అధికారికి అదే ఇవ్వండి. చేతులు మారి వచ్చిన కాపీలో తీసిన తేదీ, సమయం చాలాసార్లు మిగలవు. ఎప్పటికో, అందరూ మరిచిపోయాక, సాక్షిగా రమ్మని సమన్లు వస్తాయి. ఆ రోజు సెలవు పెట్టి వెళ్లండి.