తెల్ల అంచు చెప్పే కథ

మారిస్ సెండాక్ రాసి, బొమ్మలు వేసిన పిల్లల బొమ్మల పుస్తకం 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' 1963లో అమెరికాలో వెలువడింది. మొత్తం పది వాక్యాలు, 338 మాటలు. తోడేలు వేషంలో ఇల్లు పీకి పందిరేస్తున్న మాక్స్‌ను అమ్మ కోప్పడితే, 'నిన్ను తినేస్తా' అంటాడు. అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. ఆ గదిలోనే అడవి మొలుస్తుంది. పడవెక్కి వెళ్లి, కొమ్ములూ కోరలూ ఉన్న వింత జీవులకు రాజై, ఇల్లు గుర్తొచ్చి తిరిగొస్తాడు. రెండు నిమిషాల్లో చెప్పేయగల కథే. కానీ అలా నోటితో చెప్పేస్తే సగం పుస్తకం పోతుంది. ఆ సగం, పేజీలో బొమ్మ ఎంత చోటు తీసుకుందన్న దాంట్లో ఉంది.

మొదటి బొమ్మ చిన్నది. కుడి పేజీ మధ్యలో, చుట్టూ వెడల్పాటి తెల్ల అంచుతో ఇరుకు పెట్టెలా ఉంటుంది. కుర్రాడు గోడకు మేకు కొడుతుంటాడు. పేజీ తిప్పేకొద్దీ బొమ్మ పెరిగి, అంచు సన్నబడుతుంది. గది అడవిగా మారేసరికి అంచు పూర్తిగా మాయమవుతుంది. సముద్రం వచ్చాక బొమ్మ ఎడమ పేజీలోకి పొంగుతుంది. ఆ జీవుల మధ్య మాక్స్ ఆటపాటలు మొదలుపెట్టగానే మూడుసార్లు వరుసగా ఎదురెదురు పేజీలు రెండూ నిండిపోతాయి. అక్కడ ఒక్క అక్షరం ఉండదు. వాడి కోపానికి ఇక మాటలతో పని లేదు.

తర్వాత బొమ్మ తగ్గుతుంది, కానీ మొదటి కొలతకు రాదు. ఇంటికొచ్చిన మాక్స్ కుడి పేజీ అంతా ఉంటాడు. మొదట్లో కిటికీలో నెలవంక. ఇప్పుడు పున్నమి చంద్రుడు. వెళ్లిన పిల్లవాడూ వచ్చిన పిల్లవాడూ ఒకరు కాదని సెండాక్ ఎక్కడా రాయలేదు, బొమ్మ కొలతలో చూపించాడు.

ఫోన్లో చూస్తే ఇదంతా చెడేది ఇందుకే. నిలువు తెర పేజీలను విడదీస్తుంది, అన్ని బొమ్మలనూ ఒకే సైజుకు తెస్తుంది. వీడియోలైతే మాటల్లేని ఆ మూడు చోట్లనూ సంగీతంతో నింపేస్తాయి. అచ్చు ప్రతి కొనేటప్పుడు కూడా దారంతో కుట్టిన బైండింగే చూసుకోవాలి. జిగురు బైండింగ్ బల్లపరుపుగా తెరుచుకోదు, బొమ్మ నడిమి భాగం మడతలో మునిగిపోతుంది. చదివి వినిపించేవారు ఆ మూడు చోట్లా నోరు కట్టేసుకోవాలి. 'ఇదేంటో చెప్పు' అని అడగనే కూడదు. పిల్లల వేలు ఎటు పోతే అటు పోనివ్వాలి.

పుస్తకం వచ్చిన కొత్తలో పెద్దలు భయపడ్డారు. 1969లో మనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్, తిండి పెట్టే తల్లే తిండి మానిపిస్తే పిల్లలు తమను వదిలేశారని బెదిరిపోతారని విమర్శించారు. అప్పటికి ఆయన పుస్తకం చదవనేలేదు. 1964లోనే దీనికి, అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. పిల్లలు కోపాన్ని తప్పుగా కాక, వెళ్లి రాగలిగిన ఒక చోటుగా చూశారని నా నమ్మకం. మాక్స్ ఎవరికీ క్షమాపణ చెప్పడు. నీతి లేకుండా పిల్లల కథ ముగించడానికి ఇప్పటికీ జంకే మన రచయితలు ఈ ఒక్క సంగతైనా పట్టించుకోవాలి.

తెలుగులో చెప్పేవారికి ఒక వెసులుబాటు ఉంది. సెండాక్ వాక్యం పేజీ చివర ఆగదు, రెండు మూడు పేజీలు దాటిపోతుంది. 'అల్లరి చేశాడు. అమ్మ తిట్టింది.' అని ముక్కలు చేస్తే పేజీ తిప్పాలన్న తొందర చచ్చిపోతుంది. మన అసమాపక క్రియలతో దాన్ని నిలబెట్టొచ్చు: 'వేషం వేసుకుని, ఓ అల్లరి చేసి...' అని పేజీ తిప్పి, 'ఇంకో అల్లరీ చేసేసరికి...' అని మళ్లీ తిప్పాలి. వెళ్లొద్దని ఆ జీవులు బతిమాలే చోట 'నువ్వంటే ఎంత ఇష్టమో, కొరుక్కు తినేయాలనుంది' అంటే సరిగ్గా అతుకుతుంది. బ్రూక్లిన్‌లో తన చిన్నప్పుడు ఆదివారాలు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లుతూ అచ్చం ఇలాగే అనే చుట్టాలే ఆ జీవులకు మూలమని సెండాక్ చెప్పాడు.

చివరి పేజీలో బొమ్మ లేదు. భోజనం ఇంకా వేడిగానే ఉందన్న మాట మాత్రం ఉంది. ప్రచురణ సంస్థలో 'వెచ్చగా' అని మార్చమన్నారు, సెండాక్ ఒప్పుకోలేదు. అమ్మ బొమ్మ పుస్తకంలో ఎక్కడా లేదు. ఇప్పుడే వచ్చి వెళ్లిందనడానికి ఆ వేడి ఒక్కటే ఆనవాలు. ముందు పేజీలో బల్ల మీద గిన్నె కనబడగానే 'అమ్మ అన్నం పెట్టిందిరా' అని తొందరపడొద్దు. పిల్లలనే పేజీ తిప్పనిచ్చి, అప్పుడు ఆ మాట చదవాలి.