అభిమానుల బెంగ రంగుల గురించి కాదు
అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న డిస్నీ వినోద పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ కన్ఫెక్షనరీ రూపం మార్చినందుకు అభిమానులు బాధపడటం వట్టి పాత జ్ఞాపకాల మీద మమకారమే అని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. 1971 నుంచీ ఉన్న మిఠాయి కొట్టు అది, 2021లో పార్కు యాభై ఏళ్ల వేడుకకు కాస్త ముందే కొత్త హంగులతో మళ్లీ తెరిచారు. మేం పాతది చూశాం, 2016లో. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. లోపల ఒకావిడ పుల్లకు గుచ్చిన ఆపిల్‌ని వేడి కారమెల్‌లో ముంచి, పైకెత్తి, చివరి బొట్టు కారడం ఆగేదాకా నెమ్మదిగా తిప్పుతుంటే మా పిల్ల అద్దానికి ముక్కు ఆనించి రెప్ప వేయకుండా చూసింది. పక్కనే మా అమ్మ, "అచ్చం మన బెల్లం పాకంలానే ఉందే" అని మురిసిపోయింది. జనం బెంగ గోడల రంగు గురించి కాదండీ, మిఠాయి కళ్లముందు తయారవుతుందా లేదా అని. కొత్త కొట్టులోనూ తయారీ కనిపించేలా ఉంచారు, అందుకు చాలా సంతోషం. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో క్రిస్మస్ రోజుల్లో చేత్తో చేసే వంపు కర్ర ఆకారపు మిఠాయిలైన క్యాండీ కేన్‌ల కోసం జనం పొద్దున్నే బారులు తీరేది కూడా ఉత్త పంచదార కోసం కాదు.