భావితరాల కోసం తాళం వేయబడినది

అనంతపురంలో మా పెదబావ ఇంటి హాల్లో ఉన్న అద్దాల షోకేసును ఇకపై మ్యూజియంగా గుర్తించాలని ప్రభుత్వాన్ని వినయపూర్వకంగా కోరుతున్నాను. ప్రవేశం ఉచితం, అయితే కళ్లకు మాత్రమే. అందులో బావ చిన్నప్పుడు బెంగళూరు నుంచి వచ్చిన నీలం కారు, కొన్ననాటి కవర్లోనే ఉంది. బ్యాటరీ వేస్తే డప్పు కొట్టే కోతి, ఒక మెత్తటి ప్లాస్టిక్ పాప, వాళ్ల జేజి నాటి క్రిస్మస్ పాక బొమ్మలు. అన్నీ 'రేపు పిల్లలకుండాల కదా' అని దాచినవే. పిల్లలు పుట్టారు, బడికి కూడా పోతున్నారు, ఆ రేపు మాత్రం రాలేదు. మీ ఇళ్లలోనూ ఒకటుంటుంది, నాకు తెలుసు.

పోయిన క్రిస్మస్ ముందు రాత్రి గడ్డి పరిచి, కాగితం నక్షత్రం కట్టి, సీరియల్ లైట్లు చుట్టి పాక సిద్ధం చేశారు. తీరా బాలయేసును పడుకోబెట్టే వేళకు షోకేసు తాళంచెవి లేదు. బీరువా, పోపులడబ్బా, బావ పాత ప్యాంట్ల జేబులు, ఎక్కడా లేదు. అద్దం పగలగొడదామని అక్క అనేసరికి బావ షోకేసుకు అడ్డంగా నిలబడ్డాడు. ఈలోగా గిటారు, డోలక్, దూది గడ్డం తాతతో సహా క్యారల్స్ వాళ్లు దిగిపోయారు. ఇటు చూస్తే ఖాళీ గడ్డి, అటు చూస్తే కోతి పక్కన బాలయేసు. ఎటు తిరిగి పాడాలో తెలీక సగంమంది పాకకూ సగంమంది షోకేసుకూ పాడారు. బావ మాత్రం తొణకలేదు, "ఈడనుంచే కనపడతాండాడు కదప్పా" అన్నాడు.

1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి క్రీస్తు జననాన్ని జనం కళ్లారా చూడాలని గడ్డి వేయించి, నిజం ఎద్దునూ గాడిదనూ తెప్పించాడు. మా బావ సలహా అడిగుంటే ఎద్దుకూ కవరు తొడిగించేవాడు.

మర్నాడు తాళంచెవి బావ స్కూటర్ డిక్కీలో దొరికింది. తెరిస్తే కోతి వీపులో సెల్లు కారిపోయి స్ప్రింగులు పచ్చగా పొక్కులెక్కి ఉన్నాయి. పాప అరకు అతుక్కుపోయింది. అంత మెత్తగా ఉండేందుకు ప్లాస్టిక్‌లో కలిపే పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరి జిగురవుతుంది, వేడికి మరింత త్వరగా. అద్దాల పెట్టెలో అనంతపురం ఎండాకాలాలన్నీ గడిపిన పాప ఇంకేమవుతుంది?

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు తరాలు దాటి వచ్చాయంటే వాటిని తెర వెనక రాత్రంతా ఎగిరించారు, గంతులేయించారు, కొట్టుకొనేలా చేశారు. ఆడించేవాళ్లూ చూసేవాళ్లూ తగ్గాక ఆ తోలుతోనే లాంప్‌షేడ్లు చేసుకుని బతకాల్సి వచ్చింది.

తాళం తీసిన ఆ కాసేపట్లో మా అక్క కొడుకు, ఆరేళ్లవాడు, నీలం కారు కవరు విప్పి నేల మీద ఒక్కసారి తోశాడు. అంతే. పండగపూట, కొత్తచొక్కా మీద, ఇంటినిండా చుట్టాలుండగా వాడి చెంప పగిలింది. ఎవరి కోసం దాచావయ్యా ఇన్నేళ్లు? వాడి కోసమే కదా? చక్రం ఊడితే ఊడనీ, ఫెవిక్విక్ ఎంతని? ఇంకో ముప్పై ఏళ్లకు వాడు తన పిల్లలకు చెప్పే క్రిస్మస్ కథ ఈ దెబ్బే. దాన్ని దాచుకో నీ షోకేసులో, కవరేసి మరీ.

తాళంచెవి ఇప్పుడు నా దగ్గరుంది బావా. డిసెంబరులో అడగొద్దు, ఇయ్యను.